గుడి కోసం ఎదురుచూపు: కంటోన్మెంట్ నుంచి కొండాపూర్ దాకా

హైదరాబాద్ కథోలిక సంఘాల చరిత్రలో ఒకే వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ముందు బతుకుదెరువు కోసం మనుషులు వస్తారు. వారి వెనకే ఒక గురువు వస్తారు. పూజకు ఏదో ఒక నీడ దొరుకుతుంది. సొంత స్థలం, దాని మీద గుడి మాత్రం చాలా ఏళ్లకు గాని కుదరవు. 19వ శతాబ్దిలో సికింద్రాబాద్ దండులోని ఐరిష్ సోల్జర్లు ఈ దారినే నడిచారు. తర్వాత రైల్వే కాలనీల వారు, ప్రభుత్వరంగ కర్మాగారాల ఉద్యోగులు నడిచారు. ఇప్పుడు కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాలు నడుస్తున్నాయి. కొండాపూర్‌లో పెరుగుతున్న విచారణలకు (ఒక గురువు ఆధీనంలోని స్థానిక సంఘాలకు) గుడి ఎందుకు కష్టమవుతోందో తెలియాలంటే ఈ నగరంలో పాత గుళ్లు ఎలా లేచాయో ముందుగా చూడాలి.

దండు వెంట వచ్చిన గుడి

హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఫ్రెంచి సేనాని రేమండ్ వల్ల వచ్చింది. రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో ఆయన దళాలను నడిపారు, తోపులు పోతపోసే కార్ఖానా పెట్టించారు. పాతకాలం వారు ఆ చోటును తోప్ కా సాంచా అనేవారు. రేమండ్ 1798 మార్చిలో చనిపోయారు. అదే ఏడాది నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకోవడంతో ఫ్రెంచి దళాలను రద్దు చేశారు. మలక్‌పేట దగ్గరి గుట్ట మీద రేమండ్ సమాధి, నగరం మధ్యలో తోపుల కార్ఖానా పేరు మిగిలాయి. కథోలిక సంఘానికి నగరంలో పెద్ద గుడి లేచింది ఆ పేరు నిలిచిన చోటే. అందుకు మరో 70 ఏళ్లు పైగా పట్టింది.

ఒప్పందం ప్రకారం కంపెనీ సైన్యం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిది చేసింది. ఆ దండుకు 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. దండులో రెండు రకాల క్రైస్తవులు ఉండేవారు. అధికారుల్లో ఎక్కువమంది ఆంగ్లికన్లు. వారి కోసం సెయింట్ జాన్స్ చర్చి 1813లోనే వచ్చింది. బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి 1847లో లేచింది. మామూలు సోల్జర్లలో ఐర్లండ్ నుంచి వచ్చిన పేద కథోలికులు చాలామంది. వారితో పాటు మద్రాసు వైపు నుంచి వచ్చిన తమిళ కథోలికులు వంటవాళ్లుగా, గుర్రాల కాపరులుగా, చిన్న వ్యాపారులుగా దండును అంటిపెట్టుకుని బతికేవారు. ప్రభుత్వమే తమకు గుడి కట్టిస్తుందన్న ఆశ వీరెవరికీ లేదు.

వీరి కోసం పూనుకున్నది ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతం నుంచి వచ్చిన ఫాదర్ డేనియల్ మర్ఫీ. 1839లో మద్రాసు చేరిన ఆయన తర్వాత హైదరాబాద్ మిషన్ బాధ్యత తీసుకుని, సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ దేవాలయం కట్టించారు. అది 1850లో పూర్తయింది. మరుసటి ఏడాది, 1851లో, మద్రాసు నుంచి వేరు చేసిన హైదరాబాద్ మిషన్ ప్రాంతానికి మర్ఫీనే మేత్రాణులు (బిషప్) అయ్యారు. అంటే గుడి లేచాక పీఠం వచ్చింది. తర్వాతి కాలంలో ఆయన ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు మేత్రాణులుగా వెళ్లి అక్కడే కన్నుమూశారు. ఆయన కట్టించిన దేవాలయాన్ని 2008లో పోపు 16వ బెనెడిక్ట్ బసిలికా హోదాకు పెంచారు.

గన్‌ఫౌండ్రీ దేవాలయం

1850లో ఇటలీలోని మిలాన్‌లో విదేశీ మిషన్ల కోసం ఒక గురువుల సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ గురువులు 1855లో హైదరాబాద్ చేరారు. సికింద్రాబాద్ గుడి దండు వారికి అందుబాటులో ఉంది. మూసీ అవతలి పాత నగరంలోనూ చాదర్‌ఘాట్ వైపూ ఉన్న కథోలికులకు అది దూరం. 1869 డిసెంబరులో ఫాదర్ ఆంథోనీ టాగ్లియాబుయే సికింద్రాబాద్ నుంచి వచ్చి గన్‌ఫౌండ్రీలో స్థలం సంపాదించారు. 1870 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 1875 క్రిస్మస్ నాటికి లోపల పూజ చేసుకునేంత పని అయింది. ముందు భాగంలోని జంట శిఖరాలు ఆ తర్వాత ఎంతో కాలానికి లేచాయి. ఇటలీ నుంచి తెప్పించిన అయిదు గంటలను 1892లో ఎక్కించారు. తొలి రాయి పడిన నాటి నుంచి గంట మోగే నాటికి 22 ఏళ్లు గడిచాయి.

ఆ 22 ఏళ్లలో మిషన్ స్వరూపమూ మారింది. 1886లో పోపు 13వ లియో భారతదేశంలో పూర్తి స్థాయి పీఠాలను ఏర్పరచినప్పుడు హైదరాబాద్ ఒక మేత్రాసనమయింది. పియెత్రో కాప్రోత్తి తొలి మేత్రాణులు. గన్‌ఫౌండ్రీలోని ఈ సెయింట్ జోసెఫ్స్ దేవాలయం మేత్రాసన ప్రధానాలయమయింది. 1953లో హైదరాబాద్ అగ్రపీఠమయింది. ఆ పీఠానికి 2020 చివర నియమితులైన అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగు వారిలో ఆ హోదా పొందిన తొలి వ్యక్తి ఆయనే, దళితుల్లోనూ ఆయనే తొలి కార్డినల్.

గన్‌ఫౌండ్రీ కథలో గమనించాల్సింది స్థలం కొన్న తీరు. టాగ్లియాబుయే గుడికి మాత్రమే సరిపడే చోటు చూడలేదు. బడికి, సిస్టర్ల మఠానికి, గుడికి కలిపి స్థలం చూశారు. బడి వల్ల సంఘానికి నగరంలో గౌరవం, ఆదాయం, రాకపోకలు ఏర్పడ్డాయి. గుడి పని మెల్లగా సాగినా సంఘం చెదరలేదు. హైదరాబాద్‌లో తర్వాత లేచిన చాలా విచారణలు ఈ పద్ధతినే పాటించాయి. ఒకే ప్రహరీ లోపల గుడి, బడి, గురువుల నివాసం ఉండడం కథోలికులకు అలవాటయింది.

పొలాల నుంచి పట్నానికి

నగరం బయట తెలుగు కథోలికుల చరిత్ర వేరుగా మొదలయింది. ఫ్రెంచి జెస్విట్ గురువులు 18వ శతాబ్ది ఆరంభంలో పుంగనూరు మీదుగా రాయలసీమకు వచ్చారు. ముదిగుబ్బ వంటి చోట్ల రెడ్డి కుటుంబాలు కథోలిక మతం తీసుకున్నాయి. యుద్ధాలు, కరువుల వల్ల వాటిలో చాలా కుటుంబాలు గుంటూరు వైపు వలస పోయి ఫిరంగిపురం, రావిపాడు వంటి ఊళ్లలో కుదురుకున్నాయి. 1773లో జెస్విట్ సంస్థనే రద్దు చేయడంతో గురువులు అరుదయిపోయారు. అయినా కుటుంబాలు జపమాల, కుటుంబ ప్రార్థనలతో విశ్వాసాన్ని కాపాడుకున్నాయి. 19వ శతాబ్దిలో మిషనరీలు మళ్లీ వచ్చేసరికి సంఘాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ శతాబ్ది చివరి నుంచి మాల, మాదిగ పల్లెల్లో పెద్ద సంఖ్యలో జ్ఞానస్నానాలు జరిగి కథోలిక సంఘం స్వరూపమే మారింది.

పల్లె విచారణ నడిచే తీరు కూడా అప్పుడే స్థిరపడింది. విచారణ కేంద్రంలో ఒక గురువు ఉంటారు. చుట్టూ ఉన్న ఊళ్లకు ఆయన నెలలో ఒకటి రెండుసార్లే వెళ్లగలరు. మిగతా ఆదివారాలు ఉపదేశి ప్రార్థన నడుపుతారు, పిల్లలకు మంత్రాలు, జ్ఞానోపదేశం నేర్పుతారు. ఊళ్లో గుడి ఉంటే అందులో, లేకపోతే చెట్టు కిందో ఎవరి పందిట్లోనో కలుస్తారు. బెజవాడ గుణదల కొండ మీద 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత స్వరూపాన్ని నిలిపినప్పుడు అక్కడ ఉన్నది రాతి గూడు మాత్రమే. ఇవాళ లక్షల మంది తిరునాళ్లకు వెళ్లే పెద్ద పుణ్యక్షేత్రం అలా మొదలయింది.

హైదరాబాద్‌కు రైలు వచ్చిన తర్వాత కథోలికులు కొత్త దిక్కులకు వ్యాపించారు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. లాలాగూడ, మెట్టుగూడ వైపు రైల్వే కాలనీలు పెరిగాయి. డ్రైవర్లుగా, గార్డులుగా, మెకానిక్కులుగా ఆంగ్లో ఇండియన్లు, గోవా వారు, తమిళులు స్థిరపడ్డారు. 1960లలో కేంద్ర ప్రభుత్వ కర్మాగారాలు వచ్చాయి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., నగరం తూర్పున ఇ.సి.ఐ.ఎల్. వేల మందికి పని ఇచ్చాయి. కేరళ, తమిళనాడు, గుంటూరు, కృష్ణా జిల్లాల కథోలికులు ఆ క్వార్టర్లలో పక్కపక్కన చేరారు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తర్వాత గచ్చిబౌలికి వచ్చింది. పడమటి వైపు చదువుకున్న వలస జనం అలా చేరడం మొదలయింది.

ఇదే కాలంలో పూజ జరిగే భాష మారింది. 1962 నుంచి 1965 దాకా సాగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత లాటిన్ స్థానంలో ప్రజల భాషలు వచ్చాయి. అంతకు ముందు ఒకే గుడిలో తెలుగువారు, తమిళులు, గోవా వారు ఒకే లాటిన్ పూజకు కలిసి కూర్చునేవారు. ఇప్పుడు ఆదివారం ఉదయం ఒకే బలిపీఠం మీద ఇంగ్లిషు పూజ ఒక గంటకు, తెలుగు పూజ మరో గంటకు, తమిళ పూజ ఇంకో గంటకు జరగాలి. భక్తులు పెరగకపోయినా వేళలు పెరిగాయి. గుడి చిన్నదయినట్టు విచారణలకు అనిపించడానికి ఇదొక పెద్ద కారణం. కర్మాగారాల చుట్టూ పెరిగిన సంఘాల్లో ఈ ఇరుకు మరీ ఎక్కువ.

కొండాపూర్: మనుషులు ముందు వచ్చిన చోటు

1990ల దాకా కొండాపూర్ శేరిలింగంపల్లి మండలంలో రాళ్లగుట్టలు, చెరువులు, చేలు ఉన్న ఊరు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించాక ఆ చుట్టుపక్కల భూమి స్వభావమే మారిపోయింది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. బొటానికల్ గార్డెన్‌కు, ఆర్టీఓ ఆఫీసుకు మధ్య అపార్టుమెంట్లు నిండిపోయాయి. బెంగళూరు, చెన్నై, కొచ్చి, మంగళూరు, విజయవాడ, గుంటూరుల నుంచి కుటుంబాలు తరలి వచ్చాయి. వాటిలో కథోలిక కుటుంబాలు చాలా ఉన్నాయి.

పాత నగరంలో గుడి ఉన్న చోటుకు దగ్గర్లో ఇల్లు చూసుకునేవారు. కొండాపూర్‌లో ఆఫీసు ఉన్న చోటుకు దగ్గర్లో ఇల్లు చూసుకున్నారు. గన్‌ఫౌండ్రీ గానీ సెయింట్ మేరీస్ గానీ ఆదివారం ట్రాఫిక్‌లోనూ చాలా దూరం. పసిపిల్లలున్న ఇళ్లవారికి, పండుగ రోజుల్లో పెద్దవారికి ఆ ప్రయాణం భారం. అందుకే మొదట అపార్టుమెంట్ల వారీగా కుటుంబ ప్రార్థన కూటములు పుట్టాయి. వారానికి ఒక ఇంట్లో జపమాల, బైబిల్ పఠనం, చివర టీ. ఊళ్లో ఉపదేశి చేసిన పనిని ఇక్కడ ఒక ఇంజినీరు, ఒక నర్సు, ఒక టీచరు పంచుకున్నారు.

కూటములు పెరిగాక పూజ అవసరమవుతుంది. 1983లో వెలువడిన కథోలిక శ్రీసభ చట్టం దివ్యబలిపూజను పవిత్ర స్థలంలోనే చేయాలంటుంది, అవసరం పడితే తగిన మరో చోట చేయనిస్తుంది. సిస్టర్ల మఠంలోని చిన్న ప్రార్థనాలయం, బడి ఆడిటోరియం, ఫంక్షన్ హాలు ఆ తగిన చోట్లు. శనివారం రాత్రి పెళ్లి జరిగిన హాలులో ఆదివారం ఉదయం పూజ జరగాలంటే ఎవరో ముందే వెళ్లి బల్లను తుడవాలి. దాని మీద తెల్లటి వస్త్రం, ఆ పైన గురువు పాత్రను, అప్పాన్ని ఉంచే చిన్న చతురస్రపు గుడ్డ, పక్కన సిలువ, కొవ్వొత్తులు పెట్టాలి. పూజ కాగానే అన్నిటినీ పెట్టెలో సర్దాలి. అక్కడ దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే మందసం ఉండదు. వారంలో ఒక సాయంత్రం ఊరికే వచ్చి మోకరిల్లే చోటూ ఉండదు. పాపసంకీర్తనం వినడానికి మూల దొరకదు, చనిపోయిన వారిని చివరిసారి తెచ్చి ఉంచడానికి చోటు దొరకదు. గుడి లేని విచారణకు నిజంగా లోటయ్యేది ఇది. ఆదివారం గంటసేపు కుర్చీలు ఎక్కడైనా దొరుకుతాయి.

సొంత సంప్రదాయం, సొంత గుడి

పడమటి హైదరాబాద్‌లో ఈ వెతుకులాట ఎక్కువగా కనిపించేది సీరో మలబార్ కథోలికుల్లో. తోమా అపొస్తలుని నుంచి తమ విశ్వాసం వచ్చిందని నమ్మే కేరళ క్రైస్తవుల సంఘం వీరిది. వీరు పోపు అధికారాన్ని ఒప్పుకుంటారు, పూజావిధానంలో మాత్రం తూర్పు సిరియా సంప్రదాయాన్ని పాటిస్తారు. కేరళ వెలుపల చాలాకాలం వీరు లాటిన్ సంప్రదాయపు విచారణల గుళ్లలోనే మలయాళ పూజలు చేసుకున్నారు. తెలంగాణలో వీరికి తొలి సొంత పీఠం 1999లో ఆదిలాబాద్ పేరుతో వచ్చింది. 2014లో మార్ రఫాయెల్ తట్టిల్‌ను కేరళ బయటి వలస కుటుంబాల పర్యవేక్షకులుగా నియమించారు. 2017 అక్టోబరులో పోపు ఫ్రాన్సిస్ శంషాబాద్ పీఠాన్ని ఏర్పరచి ఆయన్నే తొలి మేత్రాణులను చేశారు. అప్పటిదాకా ఏ సీరో మలబార్ పీఠం కిందికీ రాని దేశంలోని విశాల ప్రాంతంలో చాలా భాగం ఆ పీఠం పరిధిలోకి వచ్చింది. 2024లో తట్టిల్ సీరో మలబార్ సంఘానికే అధిపతి అయ్యారు.

పీఠం రాగానే విచారణలకు చట్టబద్ధమైన ఉనికి వచ్చింది, గుళ్లు మాత్రం వెంటనే రాలేదు. పక్క సంఘం గుడిలో సమయం అడిగి పూజ చేసుకోవడం వీరికి పూర్తిగా సరిపోదు. వారి ఆరాధనకు తగిన గుడిలో బలిపీఠం ఉన్న గర్భస్థానానికి ముందు తెర ఉంటుంది, తోమా సిలువకు చోటు ఉంటుంది. వాక్యపఠనానికి, ప్రార్థనకు ప్రజల మధ్య వేరే వేదిక ఉంటుంది. గురువు ఏ వేళ ప్రజల వైపు, ఏ వేళ బలిపీఠం వైపు తిరగాలన్న విషయంలో వారి మేత్రాణుల మహాసభ 2021లో ఏకరూప పద్ధతిని అమలు చేయాలని నిర్ణయించింది. కాబట్టి గుడి ఆకారం వారి పూజావిధానంలో భాగమే.

పాత లాటిన్ పూజను పాటించే కథోలికులకు పడమటి దేశాల్లో ఇలాంటి అవసరమే వేరే రూపంలో ఎదురవుతోంది. 1570లో వెలువడిన పూజాగ్రంథపు 1962 ప్రతి ప్రకారం జరిగే ఆ పూజకు 2007లో పోపు 16వ బెనెడిక్ట్ విస్తృతంగా అనుమతి ఇచ్చారు. 2021లో పోపు ఫ్రాన్సిస్ దాన్ని పరిమితం చేస్తూ అలాంటి బృందాలకు విచారణ గుళ్లు కాక వేరే చోట్లు చూపమన్నారు. యూరప్, అమెరికాల్లో జనం తగ్గి మూతపడిన పాత గుళ్లు ఉన్నాయి. పెరుగుతున్న సంఘాలు కొన్నిచోట్ల వాటిని తీసుకుని బాగుచేసుకోగలిగాయి. కొండాపూర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ పాత గుడి ఒక్కటైనా ఖాళీగా లేదు. గుడి కావాలంటే కొత్తగా కట్టాల్సిందే.

భూమి దగ్గర ఆగే పని

కట్టాలంటే ముందు భూమి. గన్‌ఫౌండ్రీ నాటి మిషనరీలకు భూమి దొరికింది, డబ్బు కరువయింది. కొండాపూర్ విచారణల్లో ఉద్యోగస్తులు ఉన్నారు, నెలనెలా కానుకలు ఇస్తారు. భూమి ధర వారి చేతికి అందనిది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం రూ.100.75 కోట్లకు పోయింది. ఆ వేలం గుడి కోసం జరిగింది కాదు, కానీ చుట్టుపక్కల భూయజమానుల లెక్కలన్నీ అలాంటి వేలాల మీదే సాగుతాయి. పైగా 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో, రోడ్ల మీద అనుమతి లేని కొత్త మతసంబంధ కట్టడాలు లేవకుండా చూడమని రాష్ట్రాలను ఆదేశించింది. అన్ని మతాలకూ వర్తించే ఈ ఆదేశం న్యాయమైనదే. దానితో సొంత పట్టా భూమి, తగిన అనుమతులు తప్పనిసరి అయ్యాయి.

శ్రీసభ చట్టమూ తొందరను ఒప్పుకోదు. మేత్రాణుల రాతపూర్వక అనుమతి లేనిదే గుడి కట్టకూడదు. ఆ అనుమతి ఇచ్చే ముందు ఆయన రెండు విషయాలు తేల్చుకోవాలి. కొత్త గుడి ఆత్మల మేలుకు పనికొస్తుందా, దాన్ని కట్టడానికీ పూజలు నడపడానికీ వనరులు ఉంటాయా అని. అప్పులు చేసి గోడలు లేపి వదిలేసే పరిస్థితి రాకుండా ఉండడానికి ఈ నిబంధన. అందుకే విచారణ దశలవారీగా సాగుతుంది. ముందు పూజా కేంద్రం, ఆ తర్వాత పూర్తి విచారణ కాని తాత్కాలిక విచారణ, తర్వాత స్థిరమైన గురువు, పుస్తకాలు, లెక్కలు ఉన్న విచారణ. జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు నమోదు చేసే పుస్తకం తెరిచిన రోజు నుంచి సంఘానికి సొంత చరిత్ర మొదలవుతుంది. గుడి ఆ పుస్తకం కంటే వెనకబడి రావడం మామూలే.

భూమి దొరకని చోట రెండు దారులు ఉన్నాయి. ఒకటి, గన్‌ఫౌండ్రీ పద్ధతి: బడి లేదా ఆసుపత్రి ఉన్న ప్రహరీలో గుడికి చోటు కల్పించడం. బడి ఆడిటోరియంలో పూజ మొదలుపెట్టి తర్వాత అదే ఆవరణలో గుడి లేపుతారు. రెండోది, నగరం అంచుకు జరగడం. ఔటర్ రింగ్ రోడ్డు అవతల భూమి ఇంకా కొనగలిగే ధరలో దొరికితే అక్కడ పెద్ద గుడి కట్టి, కొండాపూర్‌లో చిన్న ప్రార్థనాలయం ఉంచుతారు. మొదటి దారిలో స్థలం ఇరుకు, రెండో దారిలో దూరం ఎక్కువ. ఏ విచారణ అయినా ఈ రెండింటిలో ఏ లోటును భరించగలదో చూసుకుని నిర్ణయం తీసుకోవాలి.

ప్రతిష్ఠతో ముగిసే వెతుకులాట

గోడలు పూర్తయినంత మాత్రాన లాటిన్ సంప్రదాయంలో గుడి అయిపోదు. మేత్రాణులు వచ్చి ప్రతిష్ఠ చేయాలి. బలిపీఠం కింద పునీతుల అవశేషాలు ఉంచడం ప్రాచీన ఆచారం. మేత్రాణులు పరిశుద్ధ తైలాన్ని బలిపీఠం మీద పోసి చేతులతో పూస్తారు. తర్వాత గోడల మీద 12 చోట్ల, లేదా నాలుగు చోట్ల తైలంతో సిలువ గుర్తు వేస్తారు. బలిపీఠం మీద ధూపం వెలుగుతుంది, ఆ పొగ గుడి అంతటా నిండుతుంది. అప్పుడే బలిపీఠానికి వస్త్రం పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, తొలి పూజ చేస్తారు. గుడికి పెట్టిన పునీతుని పేరు ఆ తర్వాత మార్చడానికి వీలుండదు. అప్పటి నుంచి భక్తులందరికీ లోపలికి వచ్చే హక్కు ఉంటుంది. ఫంక్షన్ హాలుకు లేని ఈ హక్కే గుడిని విచారణకు ఇల్లుగా చేస్తుంది.

సికింద్రాబాద్ సోల్జర్లకూ గన్‌ఫౌండ్రీ భక్తులకూ ఆ హక్కు దక్కడానికి ఏళ్లు పట్టింది. వారి గుళ్లు శతాబ్దం దాటి నిలవడానికి కారణం ముందుగా సంఘం గట్టిపడడమే. కొండాపూర్ విచారణల బలమూ అక్కడే ఉంది. కూటముల్లో పెరిగిన కుటుంబాలు, మూడు నాలుగు భాషల్లో పాడే పిల్లలు, ఆదివారం తెల్లవారగానే హాలు తుడిచే చేతులు ఇప్పటికే ఉన్నాయి. వీరికి తగిన గుడి కట్టివ్వడం పీఠాల బాధ్యత. భూమి ధరలు ఎంత పెరిగినా ఆ బాధ్యత తగ్గదు. ఆ గుడి నిలిచిన తర్వాత, 1850 నాటి సెయింట్ మేరీస్ తర్వాత గన్‌ఫౌండ్రీ వచ్చినట్టే, దాని చుట్టూ మరో కొత్త విచారణ పుట్టి మరో స్థలం వెతకడం మొదలుపెడుతుంది.